అటు ఉత్తరం, ఇటు జవాబు: మిలాన్ నుంచి అరెత్సో దాకా

ఉత్తరం రాసినవాళ్ళ దగ్గర ఉండదు, వెళ్ళిపోతుంది. ఏ రచయిత ఇంట్లో పాత బీరువా తెరిచినా మనకి దొరికేవి ఆయనకి వచ్చిన ఉత్తరాలే. ఆయన రాసినవి ఎవరెవరి ఇళ్ళలోనో, ఏ అటకల మీదో ఉంటాయి. తుమ్మపూడిలో కూర్చుని రచయిత, చిత్రకారుడు సంజీవ్‌దేవ్ గారు ఎక్కడెక్కడి రచయితలకో, చిత్రకారులకో ఉత్తరాలు రాశారు. వాటిలో కొన్నిటిని తెనాలిలో ఒకరింట్లో చూసిన దగ్గర్నుంచీ నాకు ఇదే ధ్యాస. చేతిలో ఉన్న ఉత్తరం కన్నా దాని జవాబు ఎక్కడుందో తెలుసుకోవాలనే ఆరాటమే నాకు ఎక్కువ.

ఇటలీలో కవులూ చిత్రకారులూ శిల్పులూ ఒకరికొకరు రాసుకున్న కాగితాలు ఐదు వందల ఏళ్ళ నాటివి కూడా నిలిచి ఉన్నాయి. మా అక్క కొడుకు మిలాన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాడు. "పిన్నీ, నాకు భాష వచ్చేసింది. క్లాసులు చూసుకుని నేను తిప్పుతాను, వచ్చెయ్" అన్నాడు. పాత కాగితాలు భద్రపరిచే ఆర్కైవుల అనుమతుల కోసం చాలా ముందే మెయిల్స్ పెట్టుకున్నాను. చూడనిచ్చినవన్నీ చూడాలి, న్యాయంగా కొనదగ్గవి దొరికితే కొనాలి. అదీ నా ఆలోచన.

సెప్టెంబర్ 27, మిలాన్

అంబ్రోజియానా లైబ్రరీకి వచ్చే జనంలో ఎక్కువమంది లియొనార్దో కాగితాల కోసం, రఫాయెల్ 'ఏథెన్స్ పాఠశాల' కోసం గీసుకున్న పెద్ద చిత్తుబొమ్మ కోసం వస్తారు. నేను వెళ్ళింది ఒక జుట్టుపాయ కోసం. గాజు వెనక, నగలాంటి చట్రంలో, బంగారు రంగు వెంట్రుకలు. పోప్ ఆరో అలెగ్జాండర్ కూతురు లుక్రేజియా బోర్జియావి. ఆవిడ కవి పియెత్రో బెంబోకి రాసిన ఉత్తరాలతో పాటు ఈ పాయ కూడా ఈ లైబ్రరీకి చేరింది. 1816లో ఇంగ్లీషు కవి బైరన్ ఇక్కడికొచ్చి ఆ ఉత్తరాలు చదివి, లోకంలో ఇంతకన్నా అందమైన ప్రేమలేఖలు లేవన్నాడు. పైగా ఒక వెంట్రుక దొంగిలించానని కూడా చెప్పుకున్నాడు. ఉత్తరాల్ని ప్రేమించేవాళ్ళలో ఇలాంటి చేతివాటం ఉన్నవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. నాకైతే అది చదివిన ప్రతిసారీ కోపమే వస్తుంది.

బెంబో నాకు ఇష్టమైన మనిషి. తన ఉత్తరాల విలువ బతికుండగానే తెలిసినవాడు. ఆయన 1547లో పోయారు, మరుసటేడు నుంచే ఆ ఉత్తరాలు సంపుటాలుగా అచ్చులోకి వచ్చాయి. వాటిలో ఒకటి 1516 ఏప్రిల్ 3న కార్డినల్ బిబ్బియేనాకి రాసింది. రేపు మేమంతా కలిసి రోమ్ దగ్గరి తివొలి చూడ్డానికి వెళ్తున్నాం, పాతవీ కొత్తవీ అందమైనవన్నీ చూసొస్తాం అంటూ వెంట వచ్చేవాళ్ళ పేర్లు రాస్తాడు: నవాజేరో, బెయాజ్జానో, కస్తిల్యోనె, రఫాయెల్. ముగ్గురు సాహిత్యం వాళ్ళు, ఒక చిత్రకారుడు, ఉత్తరం రాస్తున్న కవి. రఫాయెల్ గురించి ఎన్ని పొగడ్తలు చదివినా ఆయన మనిషిగా కళ్ళకి కట్టలేదు నాకు. స్నేహితులతో రేపటి షికారుకి సిద్ధమవుతున్న ఈ ఒక్క వాక్యంలో కట్టాడు.

బయటికొచ్చేసరికి కాళ్ళు పీకుతున్నాయి. పక్కనే బార్. ఇటలీలో బార్ అంటే కాఫీ కొట్టు. బల్ల దగ్గర కూర్చోబోతుంటే మావాడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "పిన్నీ, నిలబడి తాగితే యూరో ముప్పై సెంట్లు. కూర్చుంటే మూడు రెట్లు." అందరూ కౌంటర్‌కి ఆనుకుని రెండు గుక్కల్లో తాగేసి, కప్పు పెట్టేసి, మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళిపోతున్నారు. లోపలికి రాగానే పలకరింపు, పోతూ మళ్ళీ పలకరింపు. అది లేకుండా నేరుగా కాఫీ అడిగితే కౌంటర్ వెనకున్న మనిషి మొహంలో తేడా వస్తుంది. తర్వాత లైబ్రరీల్లో, సంతలో కూడా ఈ ఒక్క అలవాటు నాకు చాలా పనికొచ్చింది.

సెప్టెంబర్ 30, పావియా

మిలాన్ నుంచి లోకల్ రైల్లో అరగంట. యూనివర్సిటీ ఊరు, ఎక్కడ చూసినా సైకిళ్ళు. ఇక్కడ మరియా కోర్తి అనే ప్రొఫెసరమ్మ, కవి మొంతాలె తన రాతప్రతులు ఇవ్వడంతో ఆధునిక రచయితల చేతిరాత కాగితాల నిధి ఒకటి మొదలుపెట్టారు. మొంతాలెకి 1975లో నోబెల్ వచ్చింది గానీ, ఆయన కాగితాలు అప్పటికే ఈ ఊరి యూనివర్సిటీలో ఉన్నాయి. బిలెంకి, మెనెగెల్లో లాంటివాళ్ళ కాగితాలూ తర్వాత చేరాయి.

కోర్తి చేసిన పనిలో నాకు నచ్చింది, రచయితలు బతికుండగానే అడగడం. పోయాక వారసుల చుట్టూ తిరిగితే అప్పటికే సగం చిత్తుకాగితాల వాడికి పోయి ఉంటుంది. మన దగ్గర ఎంతమంది రచయితల ఉత్తరాలు ఇల్లు సున్నం వేసినప్పుడు బయటికి వెళ్ళిపోయాయో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఒక్క యూనివర్సిటీ తెలుగుశాఖ ఇలా తలుపు తట్టి అడిగి ఉంటే చాలు.

మధ్యాహ్నం ఊరి పేరు పెట్టుకున్న సూప్ తిన్నాం. వేయించిన రొట్టె ముక్కల మీద పచ్చి గుడ్డు కొట్టి, పైన పొగలు కక్కే చారు లాంటి మాంసం రసం పోస్తారు. గుడ్డు ఆ వేడికి గిన్నెలోనే ఉడుకుతుంది, పైన తురిమిన ఛీజు. 1525లో ఇక్కడి యుద్ధంలో ఓడిన ఫ్రాన్సు రాజుకి ఒక పల్లెటూరి ఆవిడ ఉన్నవాటితో చేసిపెట్టిందని కథ చెబుతారు. నాది కూరగాయల రసంతో చేయించాడు మావాడు. వడ్డించే పెద్దాయన అదేం సూప్ అన్నట్టు చూశాడు గానీ చేసి తెచ్చాడు. పదకొండు యూరోలు, పైన తలకి రెండు యూరోలు 'కొపెర్తో'. బల్ల మీద గుడ్డా రొట్టే పెట్టినందుకు ఆ రుసుము. దాదాపు ప్రతి హోటల్లోనూ ఉంది, బేరం లేదు.

అక్టోబర్ 1, రొవెరెతో

వెరోనాలో రైలు మారి ఆల్ప్స్ కొండల వైపు ఎక్కాం. రొవెరెతో చిన్న ఊరు, కానీ 'మార్ట్' మ్యూజియం ఇక్కడే ఉంది. మారియో బొత్త కట్టిన పెద్ద గాజు గుమ్మటం, దాని కింద గుండ్రటి ఆవరణ. మావాడు తన చదువు మనిషిలా తలెత్తి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. నా పని ఇరవయ్యో శతాబ్దం ఆర్కైవులో. వేగాన్నీ యంత్రాల్నీ యుద్ధాన్నీ కీర్తించిన ఫ్యూచరిస్టు ఉద్యమం చిత్రకారులు కర్రా, సెవెరీని, దెపేరోల కాగితాలు ఇక్కడున్నాయి.

ఫ్యూచరిస్టులకి ఉత్తరం కూడా ప్రచారమే. మామూలు తెల్ల కాగితం మీద రాస్తే తృప్తి ఉండదు వాళ్ళకి. వాళ్ళ నాయకుడు, కవి మరినెత్తి వాడిన ముద్రించిన లెటర్‌హెడ్ ఒకటి చూశాను. పైన ఉద్యమం పేరు పెద్దక్షరాల్లో, పక్కన బల్లా అనే చిత్రకారుడు గీసిన ఎర్రటి బొమ్మ. తోటి చిత్రకారుడు బొచ్చోనీ పేరు మీద దాన్ని 'బొచ్చోనీ పిడికిలి' అంటారు. గుద్దడానికి దూసుకొచ్చే ఆకారం, అన్నీ కోణాలే. కింద మరినెత్తి చేతిరాత కూడా అలాగే దూసుకుపోతుంది. అక్షరాలు ఎంత పెద్దవంటే పేజీకి కొన్ని లైన్లే పడతాయి. పక్కన దెపేరో రాత చూస్తే తేడా తెలుస్తుంది, బొమ్మ గీసే చెయ్యి ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టినట్టుంటుంది. అచ్చుపుస్తకంలో ఈ రెండూ ఒకే అక్షరాల్లో పడతాయి, ఇద్దరూ ఒకే గొంతుతో మాట్లాడినట్టు. అసలు కాగితం చూడాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

అయితే ఇక్కడ నా మనసంతా 1914 నవంబర్ 20న మరినెత్తి పారిస్‌లో ఉన్న సెవెరీనికి రాసిన ఉత్తరం మీదే ఉంది. యుద్ధాన్ని చిత్రకారుడిగా బతికి చూడు, దాని యంత్రరూపాలన్నిటినీ అధ్యయనం చెయ్యి అని ప్రోత్సహించాడు అందులో. సెవెరీని మాట విన్నాడు. మరుసటి ఏడాది సాయుధ రైలు బొమ్మ వేశాడు, తుపాకులు పెట్టుకుని కాలుస్తున్న సైనికులతో. బొమ్మ గొప్పదే, కాదనను. కానీ స్నేహితులందరూ ఒకరినొకరు అలా ఎగదోసుకుంటూ రాసుకున్నారు. బొచ్చోనీ స్వచ్ఛందంగా సైన్యంలో చేరాడు. 1916 ఆగస్టులో, మేం పొద్దున రైలు మారిన వెరోనా దగ్గరే గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. ముప్పై మూడేళ్ళు. పిడికిలికి పేరు మాత్రం మిగిలింది.

మధ్యాహ్నం దెపేరో ఇల్లు చూశాం. పోవడానికి ఏడాది ముందు, 1959లో, తనే దగ్గరుండి మ్యూజియంగా అమర్చుకున్నాడు. కుట్టు లేకుండా రెండు పెద్ద బోల్టులు బిగించి కట్టిన 1927 నాటి ఆయన పుస్తకం అక్కడుంది. నట్టు విప్పి కావాల్సిన పేజీ తీసుకోవచ్చు.

రాత్రి భోజనం దగ్గర పాలకూర, నానబెట్టిన రొట్టె కలిపి చేసిన ఉండలు తిన్నాం. మీద కాచిన వెన్న, సేజ్ ఆకులు. ఈ కొండల్లో ఎండిన రొట్టె ఏదీ వృథా పోదని వడ్డించినావిడ గర్వంగా చెప్పింది. తింటుండగా కొండ మీంచి గంట మొదలైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన దేశాల ఫిరంగుల కంచు కరిగించి 1924లో పోతపోశారు దాన్ని. తర్వాత మళ్ళీ పోత పోశారు గానీ ఉద్దేశం అదే. ఇరవై రెండు టన్నుల పైన బరువు. చనిపోయినవాళ్ళందరి కోసం రోజూ రాత్రి వంద దెబ్బలు మోగుతుంది. హోటల్లో ఎవరూ మాటలు ఆపలేదు, వాళ్ళకి అలవాటే. నేను మాత్రం చెంచా కింద పెట్టేశాను. ఆ ఉత్తరాల పెట్టెలున్న ఊళ్ళోనే ఈ గంట ఉండటం ఎవరో కావాలని చేసిన పని కాదు. అయినా ఆ ఉత్తరాలు చదవడానికి వచ్చే ప్రతివాళ్ళూ ఒక రాత్రి ఇక్కడ ఉండి ఇది విని వెళ్ళాలని నా కోరిక.

అక్టోబర్ 2, ఫ్లోరెన్స్

ఫ్లోరెన్స్‌లో ఇంటి నంబర్లు రెండు రకాలు. కొట్లకి ఎర్ర నంబర్లు, ఇళ్ళకి నీలమో నలుపో. రెండిటి వరుసా వేరు. కాబట్టి ఒకే వీధిలో 42 రెండు చోట్ల ఉంటుంది. మేం వెళ్ళాల్సిన రచయితల కాగితాల ఆర్కైవు వియా మాజ్జో 42లో ఉంది. ఆ నంబరు చెబితే టాక్సీ మమ్మల్ని ఎర్ర 42 దగ్గర దింపేసి వెళ్ళిపోయింది. ఆ వీధి నిండా పాత సామాన్ల దుకాణాలు, పూతపూసిన కుర్చీలు, దేవదూతల బొమ్మలు. ఒక దుకాణం పెద్దాయన మేం అడక్కముందే బయటికొచ్చి, వియొస్సో ఆర్కైవుకేనా అని, వీధి రెండో వైపుకి చెయ్యి చూపించాడు. చాలామంది ఇలాగే వస్తారట.

జొవాన్ పియెత్రో వియొస్సో కవి కాదు, చిత్రకారుడు కాదు, వ్యాపారి. ఊళ్ళు తిరిగి సరుకులు అమ్మినవాడు. 1819లో ఫ్లోరెన్స్‌లో ఒక పఠనాలయం పెట్టాడు. యూరప్ పత్రికలన్నీ తెప్పించేవాడు. చందా కట్టి చదువుకోవచ్చు. తర్వాతి కాలంలో ఇక్కడే ఉన్న దొస్తొయెవ్‌స్కీ రష్యన్ పేపర్ల కోసం వచ్చి కూర్చునేవాడు. ఆ సంస్థ ఈనాటికీ నడుస్తోంది. లైబ్రరీ స్త్రొజ్జీ భవనంలో, ఇటీవలి రచయితల కాగితాలు ఈ వియా మాజ్జో భవనంలో. గద్దా, పసొలీనీ, ఇంకా రచయితా చిత్రకారుడూ రెండూ అయిన సవీనియో. సవీనియో అసలు పేరు అంద్రేయా దె కీరికో, చిత్రకారుడు జొర్జో దె కీరికో తమ్ముడు.

లోపల యాభై ఏళ్ళ ఆర్కైవిస్టు ఒకావిడ నియమాలు చెప్పింది. పెన్ను బ్యాగులో పెట్టెయ్యాలి, పెన్సిలే. చేతులు కడుక్కుని బాగా తుడుచుకోవాలి. తెల్ల గ్లోవ్స్ అడిగాను. వద్దంది. గుడ్డ తొడుగు వేసుకుంటే వేళ్ళకి కాగితం అంచు తెలియదు, చిరిగేది అప్పుడేనంది. ఒకసారికి ఒకే ఫోల్డర్. వరుస మార్చకూడదు. "తేదీ వరుస తప్పుగా ఉందనిపించినా మార్చకండి. ఆ కాగితం అక్కడెందుకుందో మనకి ఇంకా తెలియకపోవచ్చు" అంది. ఈ మాట రాసుకున్నాను.

కొత్తకాలం వాళ్ళ కాగితాలకి వారసుల అనుమతి కూడా కావాలి. నేను ముందే రాసి తెచ్చుకున్నవే చూడనిచ్చారు. కవర్లూ, ఫోల్డర్ల అట్టలూ, తపాలా ముద్రలూ చూడడానికే పూట గడిచిపోయింది. ఉత్తరం లోపలి విషయాలు ఇక్కడ రాయను, అనుమతి అంతవరకే.

అక్టోబర్ 3, ఫ్లోరెన్స్

ఈ ప్రయాణం మొత్తంలో నన్ను కదిలించింది వియొస్సో వ్యాపారి అలవాటు. వ్యాపారి అనేవాడు పంపిన ప్రతి ఉత్తరానికీ నకలు ఉంచుకోవాలి. లేకపోతే రేపు బాకీ దగ్గర గొడవ వస్తుంది. వియొస్సో సాహిత్యంలోకి వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. ఆయన పంపిన ఉత్తరాల నకళ్ళ పుస్తకాలు సంస్థ దగ్గర, ఆయనకి వచ్చిన ఉత్తరాలు ఇదే ఊళ్ళో జాతీయ లైబ్రరీలో ఉన్నాయి. అంటే అటు ప్రశ్న, ఇటు జవాబు, రెండూ ఒకే ఊళ్ళో. రచయితలకి తట్టని ఈ ఆలోచన ఒక సరుకుల వ్యాపారికి తట్టింది.

ఒక్క ఉదాహరణ చాలు. 1826లో వియొస్సో తన పత్రికకి రాయమని కవి లెయోపార్దిని అడిగాడు. ఊరికి దూరంగా కొండల్లో ఉండే సన్యాసి పేరుతో సమాజం మీద విమర్శలు రాయాలన్నది ఆలోచన. లెయోపార్ది మార్చి 4న జవాబు రాశాడు: ఆ సన్యాసి పాత్రకి సమాజం తెలిసుండాలి, నేను పుట్టినప్పటి నుంచీ ఏకాంతంలో బతికినవాణ్ణి, నలుగురిలో కూర్చున్నా గుడ్డివాడికన్నా చెవిటివాడికన్నా దూరంగా ఉంటాను, నావల్ల కాదు. ఆ జవాబొక్కటే చదివితే ఒక దిగులు మనిషి ఫిర్యాదులా ఉంటుంది. అడిగినదేమిటో పక్కన పెట్టుకుని చదివితే, తనకి రానిది రాదని మర్యాదగా, నిజాయితీగా చెప్పిన ఉత్తరమని తెలుస్తుంది. నాలుగేళ్ళ తర్వాత ఇదే ఫ్లోరెన్స్ మిత్రబృందం లెయోపార్ది బతకడానికి నెలనెలా డబ్బు సమకూర్చింది.

1966 నవంబర్ 4న అర్నో నది పొంగి స్త్రొజ్జీ భవనం కిందిభాగమూ, నది పక్కనే ఉన్న జాతీయ లైబ్రరీ కూడా బురదలో మునిగాయి. ఎక్కడెక్కడి నుంచో కుర్రాళ్ళు వచ్చి చేతుల మీదుగా పుస్తకాలు బయటికి అందించారు. వీధుల్లో గోడల మీద నీళ్ళు ఎంత ఎత్తుకి వచ్చాయో గుర్తులు చెక్కి ఉన్నాయి. కొన్ని నా తల కన్నా పైన.

సాయంత్రం మారుచెల్లియానా లైబ్రరీకి వెళ్ళాం. 1752 నుంచి అందరికీ తెరిచిన లైబ్రరీ. జనం కోసం, అందులోనూ పేదవాళ్ళ కోసం అని లాటిన్‌లో దాని మీద రాసుంది. కళావిమర్శకుడు దియేగో మార్తెల్లి కాగితాలు ఇక్కడున్నాయి. ఫత్తోరి, సిన్యొరీని లాంటి చిత్రకారులు ఆయనకి రాసినవి. పారిస్‌లో స్థిరపడిన జందొమెనెగి అక్కడి కబుర్లన్నీ ఈయనకే రాసేవాడు. ఫ్రెంచి చిత్రకారులు ఇంప్రెషనిస్టుల గురించి ఇటలీలో మొదట గట్టిగా మాట్లాడింది మార్తెల్లే. ఆయన ఎలా ఉండేవాడో చిత్రకారుడు దెగా 1879లో వేసిన బొమ్మలో చూడొచ్చు: కుర్చీ మీద పొట్టి లావు మనిషి చేతులు కట్టుకుని, పక్కన బల్ల నిండా చెదిరిన కాగితాలు. ఆ కాగితాల్లో ఉత్తరాలూ ఉండే ఉంటాయని నాకో నమ్మకం.

అక్టోబర్ 4, ఫ్లోరెన్స్

గిబెల్లీనా వీధిలో కాసా బువొనరోతి. మైకెలాంజెలో కుటుంబం ఇల్లు. 1858లో ఆయన వంశంలో వాడు ఇంటినీ కాగితాలనీ ఊరికి రాసిచ్చాడు. ఇక్కడున్న ఒక కాగితం కోసమే ఫ్లోరెన్స్‌లో ఇంకో రోజు ఉన్నాను. నేను వెళ్ళినప్పుడు చూసింది దాని ప్రతిరూపం. అసలుది వెలుతురు తగలకుండా లోపల ఉంది.

1518 మార్చి 18 తేదీతో మైకెలాంజెలోకి ఒక ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం వెనక ఖాళీ జాగాలో ఆయన భోజనం జాబితా రాసుకున్నాడు. ఎడమ పక్కన మాటలు, కుడి పక్కన బొమ్మలు. రెండు రొట్టెలు, కూజాడు ద్రాక్షసారా, ఒక హెర్రింగ్ చేప, లోపల కూరిన పాస్తా తొర్తెల్లి. దాని కింద ఇంకో భోజనం: సలాడ్, నాలుగు రొట్టెలు, చిన్న పళ్ళెంలో పాలకూర, నాలుగు ఆంచొవీ చేపలు. ఆ కింద మరొకటి: ఆరు రొట్టెలు, రెండు గిన్నెల సోంపుగడ్డ సూప్, మళ్ళీ హెర్రింగ్. సరుకులు తెచ్చే నౌకరుకి చదువు రాదు కాబట్టి బొమ్మలు గీశాడంటారు. మాంసం లేదు, గుడ్డు లేదు. మార్చి నెల, ఈస్టర్ ముందు ఉపవాసాల రోజులు. గబగబా నాలుగు గీతల్లో గీసిన చేపే, కానీ తోక దగ్గర ఆ వంపు చూడాలి. వాటికన్‌లో సిస్టీన్ ప్రార్థనామందిరం కప్పు మీద ఆదాము చేతిని వేసిన చెయ్యి కూరల పద్దులో కూడా బద్ధకించలేదు.

ఆ సిస్టీన్ కప్పు వేస్తున్న రోజుల్లో పిస్తోయాకి చెందిన స్నేహితుడు జొవాన్నికి రాసిన పద్యం కూడా ఈ ఇంటి కాగితాల్లోదే. మెడ ఉబ్బింది, గడ్డం ఆకాశం వైపు తిరిగింది, కుంచె లోంచి రంగు మొహం మీద కారుతోంది అని రాసి, పక్కన తన బొమ్మ గీశాడు. వెనక్కి విరిగిన నడుము, పైకెత్తిన చెయ్యి. నా స్థానం ఇది కాదు, నేను చిత్రకారుణ్ణే కాదు అని ముగిస్తాడు. స్నేహితుడికి కాబట్టి చెప్పుకోగలిగాడు.

రాత్రి సంత్ అంబ్రోజో వీధుల్లో ఆ జాబితా ప్రకారమే తిందామని బయల్దేరాం. పాలకూర దొరికింది, వెల్లుల్లితో వేయించి. ఆంచొవీలు దొరికాయి, వెన్న రాసిన రొట్టె మీద. బంగాళాదుంప కూరిన తొర్తెల్లి దొరికింది. సోంపుగడ్డ సూప్ మాత్రం ఎక్కడా లేదు. ఇక్కడి రొట్టెలో ఉప్పు వెయ్యరు. మొదటి ముక్క చప్పగా గొంతు దిగలేదు గానీ, ఉప్పటి ఆంచొవీతో తింటే ఎందుకలా చేస్తారో అర్థమైంది. ఇద్దరికీ ముప్పై ఎనిమిది యూరోలు. మావాడు ఫోన్‌లో ఆ జాబితా బొమ్మ చూపిస్తే వడ్డించే కుర్రాడు వంటింట్లోకి పట్టుకెళ్ళి అందరికీ చూపించొచ్చాడు.

అక్టోబర్ 5, అరెత్సో

ఫ్లోరెన్స్ నుంచి రైల్లో గంట. ప్రతినెలా మొదటి ఆదివారం, దాని ముందు శనివారం ఇక్కడ పాతసామాన్ల సంత జరుగుతుంది. 1968లో పాతవస్తువుల వ్యాపారి ఇవాన్ బ్రూస్కి మొదలుపెట్టాడు. వాలుగా ఉన్న పెద్ద చౌక్‌లో, చుట్టుపక్కల సందుల్లో, పదహారో శతాబ్దపు చిత్రకారుడు, ఆర్కిటెక్టు వసారి కట్టిన పొడవాటి వరండాల కింద కూడా కొట్లే.

పొద్దున ముందు వసారి ఇంటికి వెళ్ళాం. 1541లో ఆయన కొనుక్కుని గోడలన్నీ తనే చిత్రించుకున్న ఇల్లు. చిత్రకారుల జీవితాలు రాసిన మనిషి కాబట్టి ఆయనకి ఊరూరి నుంచీ ఉత్తరాలు వచ్చేవి. మైకెలాంజెలో రాసినవీ వాటిలో ఉన్నాయి. ఆ కాగితాల కథ వింటే బాధేస్తుంది. 2009లో వాటిని ఒక రష్యన్ కంపెనీకి 150 మిలియన్ యూరోలకి అమ్మే ఒప్పందం జరిగిందని వార్త వచ్చి దేశమంతా గొడవైంది. కాగితాలు ఈ ఇంటికే చెందినవి, ఇక్కణ్ణుంచి కదపకూడదని ప్రభుత్వ ఆంక్ష ఉండటం వల్ల ఊరు ఊపిరి పీల్చుకుంది. వసారి కాగితాల్లోనే మరో భాగం 1988లో అమెరికాలో యేల్ యూనివర్సిటీకి చేరింది. మైకెలాంజెలోకి వచ్చినవేమో ఫ్లోరెన్స్‌లో నిన్న చూసిన ఇంట్లో ఉన్నాయి. ఇలా చెల్లాచెదురైన మైకెలాంజెలో ఉత్తరాల్నీ జవాబుల్నీ తేదీల వరుసలో కలిపి 1965 నుంచి 1983 దాకా ఐదు సంపుటాలుగా అచ్చువేశారు, పవోలా బరొక్కి, రెంజో రిస్తోరి. సంతలో ఒక పుస్తకాల కొట్టులో రెండో సంపుటం ఒంటరిగా కనబడింది. అంచు నలిగిపోయింది. పద్దెనిమిది యూరోలు ఇచ్చి తీసుకున్నాను.

మధ్యాహ్నం పీచీ తిన్నాం. చేత్తో చేసిన లావుపాటి నూడుల్స్, పెద్ద వెల్లుల్లి టమాటా గుజ్జుతో. గోంగూర పచ్చడి తర్వాత నాకు అంత వెల్లుల్లి తృప్తి ఇచ్చినవి ఇవే.

అక్టోబర్ 6, అరెత్సో

కాగితాల కొట్లలో పెట్టెల నిండా పాత పోస్టుకార్డులు, పెళ్ళి శుభలేఖలు, నోటరీ పత్రాలు. ముట్టుకునే ముందు చూడొచ్చా అని అడగాలి. అడిగితే స్టూలు కూడా వేస్తారు. ఒకాయన ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఉత్తరం తీశాడు. ఫలానా పెద్ద చిత్రకారుడిదన్నాడు, తొమ్మిది వందల యూరోలు. ఎవరికి రాసిందని అడిగించాను. పైన "ప్రియ మిత్రమా" అని మాత్రమే ఉంది. ఎక్కణ్ణుంచి వచ్చిందంటే వారసత్వం అన్నాడు. ఎవరి వారసత్వమో చెప్పలేదు. కవరు లేదు, పాత రసీదు లేదు. నేను వెంటనే తిరిగిచ్చేశాను. అది నకిలీ కావచ్చు, దొంగిలించింది కావచ్చు. నిజమైనదైతే మరీ బాధ, దాన్ని ఏదో ఒక కట్ట లోంచి తెంపి తెచ్చినట్టే. ఇలాంటి వాటి కోసం ఇటలీ పోలీసుల్లో 1969 నుంచి ప్రత్యేక విభాగమే ఉంది. పైగా చట్టం ప్రకారం, పోయినవాళ్ళ చేతిరాత కాగితం డెబ్బై ఏళ్ళు దాటినదైతే ధర ఎంత తక్కువైనా ప్రభుత్వ ఎగుమతి కార్యాలయం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఇంకో సంగతి కూడా సేకరించేవాళ్ళందరూ గుర్తుపెట్టుకోవాలి. కాగితం కొంటే కాగితం మనదవుతుంది, అందులో రాసిన మాటలు కావు. రాసినవాళ్ళు పోయిన డెబ్బై ఏళ్ళ దాకా వాటి మీద హక్కు వాళ్ళ వారసులదే.

వరండా చివర ఒక ముసలావిడ కొట్టు. ఆవిడ దగ్గర చెప్పుల అట్టపెట్టెలో ఉత్తరాలు, ఒక్కో కవరు యూరో. స్టాంపుల కోసం ఒక కుర్రాడు ఏరుకుంటున్నాడు. నేను రెండు కవర్లు తీసి చూశాను. రెండు వేర్వేరు చేతిరాతలు. ఒకదాని మీద పంపినవాళ్ళ పేరు రెండోదాని మీద అందుకున్నవాళ్ళ పేరు. అంటే రెండు వైపులవీ ఒకే పెట్టెలో ఉన్నాయి. నా గుండె దడదడలాడింది. అడిగితే కొట్టావిడ చెప్పింది: ఈ ఉత్తరాలు రాసుకున్న ఇద్దరిలో ఆయన డ్రాయింగ్ మాస్టారు, బొమ్మలు వేసేవాడు. ఆవిడ ఇంకో ఊళ్ళో స్కూలు టీచరు, కవిత్వం రాసేది. తర్వాత పెళ్ళి చేసుకున్నారు, రెండు కట్టలూ ఒకే ఇంట్లో కలిశాయి. ఇద్దరూ పోయాక బంధువులు ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేశారు.

పెట్టె మొత్తం కావాలన్నాను. అరవై అంది. మన దగ్గర సగానికి సగం అడుగుతాం, ఇక్కడ అలా అడిగితే మొహం మాడుస్తారు. మావాడు ముందు వాళ్ళ ఊరి గురించి, వర్షం గురించి కాసేపు మాట్లాడి, చివర్లో కొంచెం తగ్గిస్తారా అన్నాడు. మా పిన్ని వీటిని విడదీయదు, స్టాంపులు కూడా చింపదు అని చెప్పాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని నలభై ఐదు అంది. స్టాంపుల కుర్రాడు కూడా తన చేతిలో ఉన్న మూడు కవర్లు మాట్లాడకుండా తిరిగి పెట్టెలో పెట్టేశాడు. అందుకు అతనికి కాఫీ ఇప్పించాను.

1960ల నాటివి కాబట్టి డెబ్బై ఏళ్ళ ఆంక్ష వీటికి లేదు. అయినా ఆ సంగతి రాసిచ్చి, కాగితాలన్నీ సరిగ్గా చేసుకునే తేవాలనుకున్నాను. పెట్టె మావాడి దగ్గరే ఉంచి నేను వచ్చేశాను, సంక్రాంతికి వస్తూ తెస్తానన్నాడు. ఈలోగా తేదీల వరుసలో జాబితా రాస్తున్నాడు, పెట్టెలో ఉన్న క్రమం ముందు ఫొటోలు తీసి పెట్టుకుని. పేర్లు నేను ఎక్కడా రాయను.

నిన్న రాత్రి మొదటి రెండూ టైపు చేసి తెలుగులో అర్థం కూడా రాసి పంపాడు. 1961 మార్చిలో మాస్టారి ఉత్తరం: కోబాల్ట్ బ్లూ ట్యూబు ధర మళ్ళీ పెంచారు, స్కూల్లో పిల్లలకి గీసుకోవడానికి కాగితం ఇవ్వమంటే హెడ్మాస్టరు నోరు మెదపడం లేదు. పదకొండు రోజుల తర్వాత ఆవిడ జవాబు: మా స్కూల్లో మిగిలిపోయిన కాగితం రెండు కట్టలు రైల్లో పంపిస్తున్నాను, స్టేషన్‌కి వెళ్ళి తీసుకోండి, రంగు డబ్బులు మాత్రం నెలాఖరు దాకా అడక్కండి.